నిలబడే కొంగ, ఓడతో తిరిగే బాణం

నమోదు 1. ఓడ పడుకుని ఉంది

నా పేరు సూరాడ పోలేశ్వరి. ‘నిట్రాట’ ఓడలో పేరుపలకల పనికి నన్ను తీసుకున్నారు. ఈ పనిలో చేరినవారు ఏ రోజు ఏం చేశారో రాసి ఉంచాలని నియమం. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఏదీ రాయలేదు. మా అమ్మ హాజరుకి ఇప్పటికీ బొటనవేలే ఒత్తుతుంది. అందుకని పై అయిదు వాక్యాలు రాయడానికే చాలాసేపు పట్టింది. రాశాక బయటికి చదువుకున్నాను. బాగానే ఉన్నాయి.

ఒడ్డు నుంచి కొత్త యంత్రాలు వచ్చాయి. గాలి మర, ఉప్పు తీసే మర, తోక ట్యాంకుకి వాల్వ్. ప్రతిదాని మీదా కంపెనీ గుర్తు ఉంది. ఒంటికాలి మీద నిలబడ్డ తెల్లకొంగ. దాని కింద యంత్రం పేరు, ఎలా వాడాలో రెండు ముక్కలు, ఒక ఎర్ర బాణం. ఇవాళ ఓడ పడుకుని ఉంది కాబట్టి కొంగ చక్కగా నిలబడి ఉంది. నేను పలకలన్నీ తుడిచి, ఏ యంత్రం ఏ గోడ మీద ఉందో రాసుకున్నాను.

తుఫాను వస్తే ఈ కొంగ గతి ఏమిటో కంపెనీవాళ్ళకి తెలియదు. వాళ్ళ ఇళ్ళు లేచి నిలబడవు కదా.

నమోదు 2. ఓడ నిలబడింది

చిన్న వాయుగుండం. తోక ట్యాంకులోకి నీళ్ళు వదిలారు. తోక మునిగింది, తల లేచింది, ఓడంతా తన పేరుకి తగ్గట్టు సముద్రంలో గుంజ పాతినట్టు నిలబడింది. పైన అలలు తల చుట్టూ కొట్టుకుంటున్నాయి. లోపల చెంబులో నీళ్ళు కదలడం లేదు. మా ఊళ్ళన్నీ సముద్రంలో కలిశాక మా తాతలు ఈ ఓడ ఎక్కింది ఇందుకే. పడుకుంటే చేపల వెంట వెళుతుంది, నిలబడితే తుఫానుని దాటిస్తుంది.

నిలబడేముందు పనులు ఇంటింటికీ తెలిసినవే. పొయ్యి, ఉయ్యాల, నీళ్ళ బిందె గొలుసులకి వేలాడుతూ ఉంటాయి కాబట్టి వాటంతట అవే సర్దుకుంటాయి. గోడకున్న దేవుడి పటాలకే మనిషి చెయ్యి కావాలి. ప్రతి పటానికీ రెండు కొక్కేలు. ఓడ పడుకుంటే ఒకటి, నిలబడితే ఇంకొకటి. ఆ పని ఇంట్లో ఆడపిల్లది. పోలమ్మ తల్లి పక్కకు వాలి ఉన్న గదిలో మావాళ్ళు అన్నం తినరు. చిన్నప్పుడు మా ఇళ్ళ వరసలో అందరి పటాలూ నేనే మార్చేదాన్ని. ‘పటాల గుంట’ అని పేరు కూడా పెట్టారు.

ఇప్పుడు అదే చిక్కు కొత్త యంత్రాలకి వచ్చింది. ఓడ నిలబడగానే కొంగలన్నీ పక్కకు పడిపోయాయి. కాళ్ళు పక్క గోడ వైపు, ముక్కు నేల వైపు. గాలి మర దగ్గర పనిచేసే ఆడవాళ్ళు అది చూసి ఒక్కసారే వెనక్కి తగ్గారు.

“ఓలమ్మో, కొంగ సచ్చిపోనాదే!”

“సచ్చిన పిట్ట కింద పని సేయమంతారేటి? పాత గుడ్డేదైనా ఉంటే కప్పియ్యండే.”

కప్పేశారు. కొంగతో పాటు దాని పక్కనున్న గాలి మీటరు కూడా గుడ్డ కిందికి పోయింది. ఇంజనీరు రుక్మాంగదరావు గారు వచ్చేసరికి మీటరు ముల్లు ఎర్ర గీత దాటి ఉంది. ఆయన ఒడ్డు మనిషి. కంపెనీ తరఫున మా ఓడలో ఉంటున్నారు. ముందు మీటరు గురించి అరిచారు. తర్వాత కంపెనీ నియమం చదివి వినిపించారు. గుర్తు పక్కకు వాలి గానీ, తలకిందులుగా గానీ కనిపించకూడదట. కనిపిస్తే గ్యారంటీ చెల్లదట.

“ఓడ నిలబడినప్పుడల్లా పలకలు ఊడదీసి మళ్ళీ బిగిస్తారా? ఎవరు చేస్తారు?” అన్నారు.

“బిగించక్కర్లేదండి,” అన్నాను. “పలకే తిరిగేటట్టు చేస్తే సరిపోతుంది. ఉట్టి ఎప్పుడైనా వాలుతుందా అండీ?”

ఆయన నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు.

“ఎవరమ్మాయివి నువ్వు?”

“పంపు గది దానమ్మ కూతుర్నండి. పేరుపలకల పని.”

“సరే. ఒకటి చేసి చూపించు.”

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చేప తోముతోంది. తలెత్తలేదు. “పటాలు మార్సడం నుంచి పలకలు మార్సడానికొచ్చినావు. అందుకేటే అంత సదువు?” అంది. కానీ ఆ పూట చేప తల నాకే వేసింది.

నమోదు 3. ఓడ పడుకుంది

గుండ్రటి రేకు కోసి, వెనక మధ్యలో చిన్న బేరింగ్ పెట్టి, అడుగున వలకు కట్టే సీసం గుళ్ళు రెండు అతికించాను. రేకు ఎటు తిప్పినా సీసం కిందికి లాగుతుంది, కొంగ నిలబడుతుంది. చూసి నాకే నవ్వొచ్చింది. మా అయ్య ఉన్నన్నాళ్ళూ వలకి కట్టిన గుళ్ళే ఇవి.

కానీ అల తగిలినప్పుడల్లా పలక జూకాలా ఊగుతోంది. దాన్ని చదవబోయిన వంటామెకి కళ్ళు తిరిగాయి. “అమ్మా, నీ కొంగకి కల్లు పోసినావేటి?” అంది. రోజంతా ఆలోచించాను. చివరికి బేరింగ్ వెనక కంబళి ముక్కని సొరచేప నూనెలో నానబెట్టి పెట్టాను. ఇప్పుడు పలక తొందరపడదు. ఓడ తిరిగితే నిదానంగా తిరిగి, వచ్చి నిలబడుతుంది. చిన్న అలలని పట్టించుకోదు.

రుక్మాంగదరావు గారు పలకని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. వాసన చూసి మొహం చిట్లించారు. అయినా వంటగదికీ పంపు గదికీ బిగించమన్నారు. అక్కడ సరిగ్గా ఉంటే ఓడంతటికీ. అక్కడ బాగాలేకపోతే నేను మళ్ళీ నా పాత పనికి, నాచు తాళ్ళ దగ్గరికి. ఆ మాట ఆయన అనలేదు, నాకే తెలుసు.

నమోదు 4. ఓడ పడుకుని ఉంది

పాత పలకలు ఊడదీసి నావి బిగించాను. పాతవాటి మీద ఉన్నదంతా కొత్తవాటి మీదికి ఎక్కించాను. కొంగ, పేరు, రెండు ముక్కలు, ఎర్ర బాణం. అక్షరాలు పెద్దవి చేశాను. బాణం మరీ బాగా కుదిరింది.

పంపు గదిలో ఉండేది ఇద్దరు. పాత పంపు దగ్గర మా అమ్మ. కొత్త వాల్వ్ దగ్గర తాతారావు. అతను ఒడ్డున పాలిటెక్నిక్ చదివి ఈ మధ్యే వచ్చాడు. కనపడ్డ ప్రతి అక్షరం బయటికి చదువుతాడు. ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని ఉంటే అదీ చదువుతాడు.

“తోక ట్యాంకు వాల్వ్. మూయుటకు ఇటు,” అని నా పలక చదివాడు. “బాగుందండి పోలేశ్వరి గారూ. మెడ తిప్పక్కర్లేదు.”

నన్ను ‘గారూ’ అన్నది అతనే మొదటివాడు. అమ్మ పంపు వెనక నుంచి కిసుక్కున నవ్వింది.

“ఆ బాణాలు మీకు గావాల. నాకెందుకు? నా చెయ్యికి తెల్దేటి?”

“ఇది కొత్త వాల్వ్ అమ్మా. పాతదానికి మీట కప్పు వైపుంటే మూసినట్టు. దీనికి తోక వైపుంటే మూసినట్టు.”

“ఆ మీట తాతారావుది. నాది కాదు. నువ్వెల్లి నీ పని సూసుకో.”

మామూలుగా ఈ వాల్వ్‌ని ఎవరూ ముట్టుకోరు. ఓడ నిలబడి, ట్యాంకులోకి కావలసినంత నీరు చేరగానే యంత్రమే మూసేస్తుంది. ఉప్పు పట్టి అది మొరాయిస్తే చేత్తో మూయాలి. మూయకపోతే నీళ్ళు చేరుతూనే ఉంటాయి, ఓడ దిగుతూనే ఉంటుంది. నిలబడిన ఓడలో పంపు గది అన్నిటికన్నా అడుగున ఉంటుంది. ముందు మునిగేది అదే.

నమోదు 5. సాధన కోసం ఓడని నిలబెట్టారు

ఈ రోజు గురించి రెండు రకాలుగా రాయాలి.

పొద్దున్న ఓడ లేస్తుంటే నేను వంటగదిలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. అందరూ బొమ్మలాట చూస్తున్నట్టు నా పలకల వైపే చూస్తున్నారు. గోడ తిరుగుతోంది. పాత్రల బీరువా తిరుగుతోంది. కొంగలు మాత్రం తిరగలేదు. ఒక్కటీ తిరగలేదు. ఓడ పూర్తిగా నిలబడేసరికి అన్ని కొంగలూ ఒంటికాలి మీద, అన్ని పేర్లూ తిన్నగా. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఓడ నడిపే సరంగు పైడమ్మ గారు తల గది నుంచి పనిగట్టుకుని దిగి వచ్చి చూశారు. రుక్మాంగదరావు గారు ఫోటోలు తీసి ఒడ్డుకి పంపించారు. నా పక్కన నిలబడి నా ఫోటో కూడా తీయించారు. మా ఇంట్లో పటాలు మార్చిన చేతులే ఇవి అని నాకు నేను చెప్పుకున్నాను. గర్వం తప్పు కాదని నేను అనుకుంటున్నాను. అందుకే రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలకి తాతారావు కంచం కోసం వచ్చాడు. బీరువా గడియ మీద కూడా నా పలక ఉంది. అతను చదివాడు.

“తెరుచుటకు ఇటు.”

బాణం కుడి వైపు చూపిస్తోంది. అతను గడియని కుడి వైపుకి నెట్టాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాడు. భుజం ఆనించి తోశాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

“బాబూ, కంచం అడిగితే మేమియ్యమేటి? బీరువాతో కుస్తీ ఎందుకు?” అంది వంటామె.

“ఇటు అని రాసుంది కదండీ!”

“రాసున్నాది బాబూ. కొంగ నిలబడ్డాది, అచ్చరం నిలబడ్డాది, గడియ మాత్రం ఓడతో తిరిగిపోనాది. ఇప్పుడది కిందికి జారాల.” ఆమె మిగిలిన ముక్కని వేలితో కిందికి లాగింది. తలుపు తెరుచుకుంది.

అందరూ నవ్వారు. తాతారావు కూడా నవ్వాడు. నేనూ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను.

కంచం అక్కడే వదిలేసి నిచ్చెన పట్టుకుని అడుగు వరకు దిగాను. పంపు గదిలో ఎవరూ లేరు. యంత్రం వాల్వ్‌ని సరిగ్గానే మూసింది. మీట తోక వైపు, అంటే ఇప్పుడు కిందికి చూస్తోంది. దాని పక్కన నా పలక, తిన్నగా, అందంగా నిలబడి ఉంది. ‘మూయుటకు ఇటు.’ బాణం కుడి వైపుకి. ఇప్పుడు ఓడ కప్పు ఉన్నది కుడి వైపునే. ఆ బాణాన్ని నమ్మి మీటని కుడికి తిప్పితే వాల్వ్ మూసుకోదు. తెరుచుకుంటుంది.

పేరు చదివేది మనిషి. మనిషి ఎటు నిలబడితే పేరు అటు నిలబడాలి. బాణం చెప్పేది యంత్రం గురించి. యంత్రం ఎటు తిరిగితే బాణం అటు తిరగాలి. రెండింటినీ ఒకే రేకు మీద పెట్టాను. పాత పలకల మీద అక్షరాలు పడుకునేవి, కొంగ చచ్చేది. కానీ బాణం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

నమోదు 6. ఓడ పడుకుంది. పెద్ద తుఫాను కబురు

ఉన్నది ఉన్నట్టు రుక్మాంగదరావు గారికి చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. కాగితం మీద గోడ గీసి, దాన్ని తిప్పి చూపించాను. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలారు.

“ఒడ్డుకి రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా. మెచ్చుకున్నారు కూడా.”

“మెచ్చుకున్నది కొంగనండి. బాణాన్ని కాదు.”

“సరే, బాణాలు చెరిపెయ్యి. పేరు ఉంటుంది, చాలు.”

“పేరుంటే అదేమిటో తెలుస్తుంది. ఎటు తిప్పాలో తెలియదండి. పాత పలకలు మనమే ఊడదీశాం, రేకులు కోసి కొత్తవి చేసేశాం. ఇప్పుడు వాల్వ్ ఒంటి మీదే బాణం చెక్కాలి. ఉలితో. అప్పుడది ఓడతో పాటే తిరుగుతుంది.”

“ఉలి పెడితే గ్యారంటీ పోతుంది. కంపెనీ వస్తువు మీద గీత పడకూడదు. రంగుతో వెయ్యి.”

“చెమ్మ గొట్టం మీద రంగు నిలవదండి. వేసి చూశాను.” జేబులోంచి గుడ్డ తీసి చూపించాను. నేను వేసిన బాణం మొత్తం గుడ్డకి అంటుకుని ఉంది.

ఆయన ఆ గుడ్డని మడిచి నాకే ఇచ్చేశారు. “తుఫాను వెళ్ళాక చూద్దాం,” అన్నారు చివరికి. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకి గ్యారంటీ, మాకు పటం. ఎవరి భయం వారిది.

తుఫాను వెళ్ళేదాకా పంపు గదిలో ఉండేది మా అమ్మ.

నేను తల గదికి వెళ్ళాను. నా వయసువాళ్ళు పిలవకుండా అక్కడికి వెళ్ళరు. సరంగమ్మ చుట్ట వెలిగించుకుంటున్నారు.

“ఏటే పటాల గుంటా? తుఫానొస్తంటే ఇక్కడేటి పని?”

చెప్పాను. అదే కాగితం తిప్పి చూపించాను. నా వల్ల జరిగిన పొరపాటని కూడా చెప్పాను. ఆవిడ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని తనే ఒకసారి తిప్పారు.

“అయితే సదూకున్నోడికి ఇది తప్పుదారి సెప్తాది. సదువు రానోళ్ళకి అసలేటీ సెప్పదు.”

“అవునమ్మా.”

“ఆ కంపెనీ కొంగ ఎక్కడుంటాది?”

“ఒడ్డునమ్మా.”

“మనమెక్కడుంటాం?”

నేను జవాబు చెప్పేలోపే ఆవిడ తన పెట్టెలోంచి ఉలి తీసి నా చేతిలో పెట్టారు. “ఎల్లు. బేగి కొట్టు. రావుగారు అడిగితే సరంగు కొట్టమన్నాదని సెప్పు.”

నమోదు 7. ఓడ ఇంకా పడుకునే ఉంది. అలలు పెరిగాయి

ముందు తిరిగే పలకల మీది బాణాలన్నీ గీకేశాను. బాగా కుదిరాయని మురిసిపోయినవి. వాటిని గీకుతుంటే బాధేమీ అనిపించలేదు.

తర్వాత వాల్వ్. ఇనుము గట్టిది. ఓడ ఊగుతోంది. ఒక దెబ్బ బాణం మీద పడితే ఇంకో దెబ్బ నా వేలి మీద పడింది. తాతారావు లాంతరు పట్టుకున్నాడు. మీటని ఒకసారి తెరిచి, ఒకసారి మూసి, బాణం మొన తోక వైపే ఉందని ఇద్దరం చూసుకున్నాం. లోతుగా చెక్కాను, రేపు తుప్పు పట్టినా పోకుండా.

అమ్మ తన పంపుకి నూనె పెడుతూ ఓరగా చూస్తోంది.

“వంకరగా వస్తన్నాది.”

“ఓడ ఊగుతోందమ్మా.”

“నువ్వు ముగ్గేసినా వంకరే. ఓడ ఊగకపోయినా.”

“ఒకసారి ఇలా రా అమ్మా. చెయ్యి పెట్టి చూడు.”

“నాకెందుకే?”

“రమ్మంటే రా.”

విసుక్కుంటూ వచ్చింది. ఆమె చూపుడువేలు పట్టుకుని చెక్కిన గాడిలో నడిపించాను. బాణం మొదలు నుంచి మొన వరకు. “మొన ఎటుంటే మీట అటు తిప్పితే మూసినట్టు,” అన్నాను. అమ్మ నూనె చేతిని చీరకి తుడుచుకుని, “సరేలే,” అని వెళ్ళిపోయింది.

నమోదు 8. తుఫాను. ఓడ నిలబడింది

తుఫాను వెళ్ళాక రాస్తున్నాను. వరస తప్పకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

తెల్లవారాక ఓడని లేపారు. నన్ను నడిమి గదిలో మాటల గొట్టం దగ్గర పెట్టారు. పైనుంచి సరంగమ్మ చెప్పింది కిందికి, కింద నుంచి వచ్చింది పైకి చెప్పడం నా పని. ఓడ బాగానే లేచింది. పక్కనే వంటగదిలో నా కొంగలన్నీ నిలబడ్డాయి. ఈసారి ఎవరూ వాటి వైపు చూడలేదు.

సరంగమ్మ గొంతు వచ్చింది. “వాల్వ్ మూసుకోలేదు. గీత మునుగుతున్నాది. సేత్తో ముయ్యమను.”

ఓడ తల పక్కన ఎర్ర గీత ఉంటుంది. అది మునిగిందంటే ఓడ ఉండాల్సినదానికన్నా లోతుకి దిగుతోందన్నమాట. నేను గొట్టంలో అరిచాను. “తాతారావు గారూ, చేత్తో మూయండి!”

జవాబుగా వచ్చింది అమ్మ గొంతు.

“దీపం పోనాది. తాతారావు నిచ్చెన మీంచి పడిపోనాడు, బుజం ఇరిగినట్టున్నాది. ట్యాంకు నిండి నీల్లు గదిలోకొస్తన్నాయి.”

“అమ్మా, మీట నువ్వు తిప్పు! కిందికి తిప్పు!”

“ఏటి? ఇనబడ్డం లేదు.”

“కిందికి! కిందికి తిప్పమ్మా!”

“నీల్ల సప్పుడు. ఏటంతన్నావో ఇనబడ్డం లేదే.”

ఆమె మాట నాకు వస్తోంది. నా మాట ఆమెకి పోవడం లేదు. గొంతు పోయేదాకా అరిచాను. పై నుంచి సరంగమ్మ, “గీత మునిగిపోనాది,” అన్నారు. అరవలేదు, మామూలుగా అన్నారు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. రుక్మాంగదరావు గారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆయన చేతిలో ఏమీ లేదు, ఫోటోల పెట్టె కూడా. నిచ్చెన వైపు అడుగు వేశాను. పంపు గది మూత అప్పటికే బిగించేశారని ఆయన నా భుజం పట్టుకుని ఆపారు. నీళ్ళు పైకి రాకుండా అలా బిగించాలి. అది అమ్మకీ తెలుసు.

గొట్టంలో నీళ్ళ హోరు. మధ్యలో అమ్మ తనలో తను మాట్లాడుకోవడం.

“మీట దొరికినాది... కప్పు వేపే ఉన్నాది... మూసే ఉన్నాదేటి మరి...”

పాత వాల్వ్ అలవాటు. పాతదైతే అలా ఉంటే మూసినట్టే. నేను గొట్టానికి నోరు ఆనించి కాదు, కాదు అని అంటూనే ఉన్నాను.

హోరు. ఇంకా హోరు. తర్వాత,

“ఉండు.”

మళ్ళీ ఏమీ లేదు. తర్వాత ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు, గొట్టంలోంచి కాదు, నా కాళ్ళ కింది గోడలోంచి వచ్చింది. హోరు తగ్గింది. ముందు కొంచెం, తర్వాత మొత్తం.

“దిగడం ఆగినాది,” అన్నారు సరంగమ్మ. కాసేపటికి కింద అమ్మ పంపు మోత మొదలైంది. “గీత తేలతన్నాది.”

రుక్మాంగదరావు గారు నా భుజం మీది చెయ్యి తీసి మొహం తుడుచుకున్నారు.

నమోదు 9. ఓడ పడుకుంది. ఎండ

మూత తీసినప్పుడు అమ్మ నడుము వరకు నీళ్ళలో నిలబడి ఉంది. తాతారావుని పంపు మీద కూర్చోబెట్టి, తన చీర కొంగు చింపి అతని చెయ్యి మెడకి కట్టింది. నేను నిచ్చెన దిగుతుంటే అతనే ముందు మాట్లాడాడు. “చీకట్లో చదివారండి మీ అమ్మగారు. నేను వెలుతుర్లో చదివినదానికన్నా బాగా.”

అమ్మ చూపుడువేలు ఎత్తి చూపించింది. కొస గీరుకుపోయి ఎర్రగా ఉంది.

“నువ్వు కొట్టిన బాణం అంచు కోసుకున్నాది. ఆకురాయితో రాకొద్దా?”

“వంకరగా ఉందన్నావు కదా.”

“వంకరే. ఇప్పుడు కూడా వంకరే,” అంది అమ్మ. “మీట కప్పు వేపున్నాది, మూసేసున్నాదనుకున్నాను. సెయ్యి తీసేద్దారనుకున్నాను. అంతలో వేలికి నీ గాడి తగిల్నాది. మొన ఇటు సూపిస్తన్నాది, మీట అటున్నాది. నా కూతురు అబద్దం రాయదులే అనుకుని లాగీసినాను.”

నేను రాసినది మా అమ్మ చదవడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆమెకి తట్టిందో లేదో నేను అడగలేదు. చీర పిండుకుంటూ ఆకలేస్తోందంది.

మధ్యాహ్నం రుక్మాంగదరావు గారు పంపు గదికి దిగారు. వంగి ఉలి గాట్లని వేలితో తడిమారు.

“దీని గ్యారంటీ పోయినట్టే,” అన్నారు.

“అవునండి.”

“మిగతావాటికి ఎప్పుడు పోగొడతావు?”

“రాకి, అరగదీసుకుంటూ కొట్టాలండి. అంచులు పదునుగా ఉంటే చేతులు కోసుకుంటాయి.”

ఆయన తలూపి, కంపెనీకి తనే రాస్తానన్నారు. కొంగ నిలబడే ఉంటుందని, బాణం మాత్రం ఇకమీదట అచ్చులోనే ఇనుము మీదికి పోతపోసి పంపమని. ఆ పద్ధతి ఎవరిదో కూడా రాస్తానని, నా ఇంటిపేరు ఎలా రాయాలో అడిగారు. సూరాడ అని చెప్పాను. రాసుకుని నాకు చూపించారు. సరిగ్గానే రాశారు.

ఇప్పుడు ఈ నమోదులో చివరి పని.

సాయంత్రం పలకలకి నూనె వేస్తుంటే అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. వాల్వ్ పలకని వేలితో ఒకసారి తిప్పింది. అది నిదానంగా తిరిగి వచ్చి నిలబడింది. మళ్ళీ తిప్పింది.

“ఈ కొంగ కింద ఏటున్నాది?”

“యంత్రం పేరు.”

“దాని కింద జాగా ఉన్నాదే.”

“ఉంది. బాణం గీకేసిన చోటు.”

“అక్కడ నా పేరు రాయి.”

నేను ఆమె మొహం చూశాను. నవ్వడం లేదు.

“యంత్రానికి పేరున్నాది, కంపెనీకి కొంగ ఉన్నాది. ఈ గదిలో నాను లేనేటి?”

పలక ఊడదీసి, కూర్చుని రాశాను. తొందరపడలేదు. ‘సూరాడ దానమ్మ’ అని, యంత్రం పేరంత పెద్ద అక్షరాలతో. అమ్మ ఒక్కొక్క అక్షరం పూర్తవుతుంటే చూసింది. వంకర అనలేదు. రంగు ఆరాక నేను పలకని బిగిస్తే, తనే వేలితో తిప్పింది. పేరు ఒక చుట్టు తిరిగి, సర్దుకుని, తిన్నగా నిలబడింది.

రేపు ఓడ ఉత్తరానికి కదులుతుంది. మళ్ళీ ఎన్నిసార్లు పడుకుంటుందో, ఎన్నిసార్లు లేస్తుందో నాకు తెలియదు. మా అమ్మ పేరు మాత్రం ఒక్కసారి కూడా పడుకోదు.